బాలింత గ్లాసులో ఎంత చక్కెర? కాన్పు తర్వాత తగ్గని బరువు వెనకున్న లెక్క

కాన్పయిన ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో గుర్తు చేసుకోండి. పొద్దున్నే తియ్యటి పాలల్లో బ్రెడ్డు. పదింటికి మాల్ట్ పౌడర్ కలిపిన ఇంకో గ్లాసు, ‘పాలు పడాలి కదా’ అని. మధ్యాహ్నం పథ్యం భోజనం. నాలుగింటికి టీ. సాయంత్రం బిడ్డను చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చిన టెట్రాప్యాక్ జ్యూస్. రాత్రి పడుకునేముందు మళ్లీ పాలు. మంచినీళ్లు అడిగితే మాత్రం ‘ఎక్కువ తాగకమ్మా, పొట్ట వస్తుంది’ అంటారు.

మూడు నెలలు గడుస్తాయి. పాత బట్టలు పట్టవు. ‘కాన్పయ్యాక ఒళ్లు రావడం మామూలే’ అని ఒకరు, ‘ఆపరేషన్ చేశారు కదా, అంతే’ అని ఇంకొకరు అంటారు. ఆ మాటలు విని విని మీరు అన్నం తగ్గిస్తారు, రాత్రి చపాతీకి మారతారు. తూకం కదలదు. ఇంతలో పొద్దుటి నుంచి రాత్రి దాకా చేతికి వచ్చిన గ్లాసులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. తాగేది తిండి కిందికి రాదని మనందరి నమ్మకం. కాన్పు తర్వాత బరువు విషయంలో మొదట సరిచూసుకోవాల్సింది ఆ నమ్మకాన్నే.

ఏ బరువు దానంతట అది పోతుంది?

బిడ్డ, మాయ, ఉమ్మనీరు, కాన్పులో పోయిన రక్తం అన్నీ కలిపి కాన్పుతోనే సుమారు 5, 6 కిలోలు తగ్గుతాయి. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో చేరిన నీరు తర్వాతి వారం, రెండు వారాల్లో మూత్రం, చెమట రూపంలో పోతుంది. ఆ రోజుల్లో రాత్రిళ్లు దిండు తడిసేలా చెమట పడితే భయపడనక్కర్లేదు. గర్భసంచి మునుపటి పరిమాణానికి రావడానికి ఆరు వారాలు పడుతుంది.

ఇక మిగిలేది కొవ్వు. ఇది తప్పుగా చేరింది కాదు. బిడ్డకు పాలివ్వడం కోసం శరీరం ముందే దాచుకున్న నిల్వ అది. అందుకే ఆరు నెలల నుంచి ఏడాది పాటు నెమ్మదిగా కరగాలి. నెలకే నడుము తగ్గాలన్న సోషల్ మీడియా వీడియోలను పట్టించుకోకండి. చిక్కు ఎక్కడంటే, ఆ నిల్వ కరగాల్సిన నెలల్లోనే పైనుంచి కొత్త నిల్వ చేరుతూ ఉంటుంది.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తమ్మీద 24 శాతం. తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. అదే సర్వేలో అదే వయసు మహిళల్లో రక్తహీనత తెలంగాణలో 57.6, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఈ రెండు జతల అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అర్థమవుతుంది. ఒంట్లో బరువు ఉంది, రక్తం లేదు. అంటే కేలరీలు అందుతున్నాయి కానీ పోషకాలు అందట్లేదు. చక్కెర నీళ్లు చేసే పని సరిగ్గా ఇదే.

తాగిన చక్కెర కడుపుకు ఎందుకు తెలియదు?

అమెరికాలో 2000లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం ఉంది. 15 మందికి నాలుగు వారాల పాటు రోజూ 450 కేలరీల చక్కెరను మిఠాయి గోళీల రూపంలో ఇచ్చారు. మరో నాలుగు వారాలు అంతే చక్కెరను సోడా రూపంలో ఇచ్చారు. మిఠాయి తిన్న రోజుల్లో వాళ్లు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించుకున్నారు. సోడా తాగిన రోజుల్లో తగ్గించలేదు. మామూలుగా తినేది తిని, దానిమీద సోడా తాగారు. బరువు పెరిగింది కూడా ఆ సోడా వారాల్లోనే.

పదిహేను మందితో ఏం తేలుతుందని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే రెండోది కూడా చూడాలి. అమెరికా నర్సుల మీద జరిగిన దీర్ఘకాలిక అధ్యయనంలో 1991 నుంచి 1999 వరకు యాభై వేలకు పైగా మహిళల తిండిని, బరువును గమనించారు. తియ్యటి శీతల పానీయాలు వారానికి ఒకటి, అరా నుంచి రోజుకు ఒకటి దాకా పెంచుకున్నవాళ్లు అందరికంటే ఎక్కువ బరువు పెరిగారు. రోజుకు ఒకటి లేదా అంతకంటే ఎక్కువ తాగినవాళ్లలో టైప్-2 మధుమేహం ముప్పు, నెలకు ఒకటి కూడా తాగని వాళ్లతో పోలిస్తే దాదాపు 80 శాతం ఎక్కువగా కనిపించింది. 2004లో ఈ ఫలితాలు వచ్చాయి. ఇలాంటి అధ్యయనం కారణాన్ని సొంతంగా రుజువు చేయలేదు గానీ, పై ప్రయోగంతో కలిపి చదివితే దిశ మాత్రం స్పష్టంగానే ఉంది.

బాలింతకు మరో ఇబ్బంది ఉంది. నిద్ర లేదు. రెండు గంటలకోసారి లేవాలి. నిద్ర చాలని మనిషికి తీపి మీదికి మనసు ఎక్కువగా పోతుంది. వండుకుని కూర్చుని తినే తీరిక ఉండదు, ఒక చేతిలో బిడ్డ ఉంటుంది. రెండో చేత్తో పట్టుకోగలిగేది గ్లాసే. కాబట్టి ఇది నాలుక మీద అదుపు లేకపోవడం కాదు. ఆ సమయంలో చేతికి అందేది అదే, అంతే.

600 కేలరీల్లో సగం ఎక్కడికి పోతోంది?

పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుగా తినేదానికి అదనంగా రోజుకు 600 కేలరీలు, తర్వాతి ఆరు నెలలు 520 కేలరీలు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్కగట్టాయి. దాంతోపాటు మొదటి ఆరు నెలలు సుమారు 17 గ్రాముల అదనపు ప్రొటీన్ కూడా. అంటే ‘ఇద్దరి తిండి తినాలి’ అన్న మాటలో కొంత నిజం ఉంది. ఏం తినాలన్నదే ప్రశ్న.

ఇప్పుడు అలాంటి ఒక రోజును లెక్కేద్దాం. టీ మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర. చెంచా అంటే 5 గ్రాములు అనుకుంటే మొత్తం 30 గ్రాములు. మాల్ట్ పౌడర్ పాలు రెండు గ్లాసులు. కొన్ని రకాల పౌడర్లలో మూడో వంతు దాకా చక్కెరే ఉంటుంది. గ్లాసుకు 30 గ్రాముల పౌడర్ వేస్తే 10 గ్రాములు, ‘చప్పగా ఉంటుంది’ అని పైనుంచి వేసే ఒక చెంచా 5 గ్రాములు. రెండు గ్లాసులకు 30. మామిడి జ్యూస్ 200 మిల్లీలీటర్ల ప్యాక్ ఒకటి. 100 మిల్లీలీటర్లకు 13 గ్రాములు అనుకున్నా 26. మొత్తం 86 గ్రాములు. గ్రాముకు 4 కేలరీల చొప్పున 344.

అదనంగా కావాల్సిన 600 కేలరీల్లో సగానికి పైగా ఈ చక్కెరతోనే నిండిపోయింది. దాంతో ఒక్క గ్రాము ప్రొటీన్ రాలేదు, ఐరన్ రాలేదు. పాలల్లోని పోషకాలు వేరు, వాటి లెక్క ఇక్కడ వేయలేదు. కడుపు నిండలేదు కాబట్టి మామూలు తిండి మామూలుగానే తింటారు. పైగా ఏడో నెలలో బిడ్డకు అన్నం మెతుకులు మొదలై పాలు తాగడం తగ్గాక మీ అవసరం తగ్గుతుంది, నాలుగు గ్లాసుల అలవాటు మాత్రం అలాగే ఉంటుంది. చాలామందికి కాన్పు బరువు శాశ్వతంగా నిలిచిపోయేది ఆ మలుపులోనే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకం ప్రకారం ఇలాంటి చక్కెర మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు. రోజుకు 2000 కేలరీలు తినేవారికి 50 గ్రాములు. 25 గ్రాములకు తగ్గిస్తే ఇంకా మంచిది. ఇందులో బెల్లం, తేనె, పండ్ల రసం కూడా లెక్కే. కొరికి తిన్న పండు, చక్కెర వేయని పాలు మాత్రం ఈ లెక్కలోకి రావు. ‘మేం చక్కెర మానేసి బెల్లం టీ తాగుతున్నాం’ అనేవాళ్లకు కాస్త కష్టమైన వార్తే, కానీ బరువు దగ్గర రెండింటికీ పెద్ద తేడా లేదు. వేసవిలో బాలింతకు ‘చలవ’ అని తెప్పించే చెరుకు రసంలో 100 మిల్లీలీటర్లకు 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుందని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. బండి దగ్గర ఇచ్చే పెద్ద గ్లాసు ఒక్కటి చాలు, రోజు కోటా దాటడానికి.

పాలు పడాలంటే తీపి తాగాలా?

అవసరం లేదు. బిడ్డ ఎంత తరచుగా, ఎంత బాగా తాగితే పాలు అంతగా వస్తాయి. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ శరీరం మళ్లీ తయారు చేసుకుంటుంది. మీరు తియ్యటి పాలు తాగినంత మాత్రాన మీ పాలు ఎక్కువ కావు, తియ్యగా కూడా మారవు. తల్లిపాలల్లో ఉండే చక్కెర లాక్టోజ్. 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాములు. మీరు ఏం తాగినా అది పెద్దగా మారదు.

అసలు నష్టం నీళ్ల దగ్గర జరుగుతోంది. తల్లిపాలల్లో 87 శాతానికి పైగా నీరే. రోజుకు ముప్పావు లీటరు దాకా పాలిస్తున్న మనిషికి దాహం వేయకుండా ఎలా ఉంటుంది? ‘నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, బిడ్డకు జలుబు చేస్తుంది’ అని బాలింతకు నీళ్లు కట్టడి చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, నగరాల్లో కూడా. సిజేరియన్ తర్వాత మొదటి కొన్ని గంటలు ఏం తాగాలో డాక్టర్ చెబుతారు. ఆ తర్వాత నీళ్లు ఆపడానికి వైద్యపరమైన కారణమేదీ లేదు. పొట్ట నీళ్లతో రాదు. కాన్పులో సాగిన పొట్ట కండరాలు మళ్లీ బిగుసుకోవడానికి సమయం పడుతుంది, అంతే. కానీ నీళ్లు వద్దన్న ఇంట్లో దాహం తీర్చేది ఏది? టీ, పాలు, జ్యూస్. పొట్ట వస్తుందని నీళ్లు ఆపి, పొట్ట వచ్చేవాటినే చేతికి ఇస్తున్నాం.

బిడ్డకు పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు మంచినీళ్లు పెట్టుకోండి. చల్లనివి వద్దని పెద్దవాళ్లు పట్టుబడితే గోరువెచ్చనివి తాగండి. గొడవ అక్కర్లేదు. నీళ్లు కడుపులోకి వెళ్లడమే ముఖ్యం. అవసరానికి మించి లీటర్ల కొద్దీ తాగినా పాలు పెరగవు, దాహం తీరితే చాలు.

డబ్బా మీద రాసింది నమ్మొచ్చా?

ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. ఎందుకంటే ఈ రెండు మూడేళ్లలో నియమాలు చాలా మారాయి. బాలింతను చూడటానికి వెళ్లేవాళ్లు కొనే వస్తువులన్నీ దాదాపు ఈ జాబితాలోనే ఉన్నాయి.

మొదటిది ‘హెల్త్ డ్రింక్’. ఆహార భద్రత చట్టం-2006లో అసలు హెల్త్ డ్రింక్ అనే నిర్వచనమే లేదు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఈ-కామర్స్ సంస్థలకు సూచన ఇచ్చింది, బోర్న్‌విటా సహా ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింక్స్ వర్గం నుంచి తీసేయమని. అదే నెలలో హార్లిక్స్ తయారుచేసే సంస్థ తన పానీయాల వర్గం పేరులోంచి ‘హెల్త్’ మాటను తొలగించింది. ఇంట్లో మాత్రం అది ఇంకా బలం మందే. ఈ వ్యాసం రాస్తూ మా వంటింట్లో ఉన్న డబ్బా తిప్పి చూశాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో విటమిన్లు. చక్కెర సంగతి వెనక, చిన్న గడిలో.

రెండోది ‘100 శాతం పండ్ల రసం’. గాఢ రసంలో నీళ్లు కలిపి తయారు చేసిన వాటికి ఈ మాట వాడొద్దని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ, అంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2024 జూన్‌లో ఆదేశించింది. కిలోకు 15 గ్రాములకు మించి తీపి కలిపితే ‘తీపి చేర్చిన రసం’ అని రాయాలన్న నిబంధననూ గుర్తు చేసింది.

మూడోది ఓఆర్‌ఎస్. ఆస్పత్రి పక్క మందుల షాపులో రోగులను చూడటానికి వెళ్లేవాళ్లు కొనే మొదటి వస్తువు చాలాకాలం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి, అంటే 200 మిల్లీలీటర్లలో మూడు గ్రాములు కూడా ఉండదు. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని అమ్మిన కొన్ని పండ్ల రుచుల ప్యాక్‌లలో దానికి ఎన్నో రెట్లు చక్కెర. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయమూ పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉత్తర్వు ఇచ్చింది. విరేచనాలు, వాంతులు లేని బాలింతకు అసలైన ఓఆర్‌ఎస్ కూడా అవసరం లేదన్నది వేరే సంగతి.

ఇక పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి చక్కెర కలిపిన గ్యాస్ పానీయాలపై జీఎస్టీ 40 శాతం. అదే రోజు నుంచి గ్యాస్ లేని పండ్ల రసం పానీయాలపై 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. చక్కెర పరంగా కోలాకూ మామిడి పానీయానికీ పెద్ద దూరం లేదు. కోలాలో 100 మిల్లీలీటర్లకు 10, 11 గ్రాములు ఉంటే, మామిడి పానీయాల్లో చాలావాటిలో అంతకంటే ఎక్కువే. పన్ను బుడగల మీద పడింది, చక్కెర మీద కాదు. కాబట్టి ధర తక్కువైందని, కోలా కాదు కదా అని మామిడి ప్యాక్‌లు బాలింత మంచం పక్కకు చేరుతుంటే ఆశ్చర్యం లేదు.

మరి ఏం చూడాలి? ప్యాక్ వెనక పోషకాల పట్టికలో ‘మొత్తం చక్కెరలు’, ‘చేర్చిన చక్కెరలు’ అని రెండు వరుసలు ఉంటాయి. 100 మిల్లీలీటర్లకు ఇచ్చిన అంకెను ప్యాక్ పరిమాణంతో గుణించి, 100తో భాగించండి. వచ్చిన గ్రాములను 5తో భాగిస్తే ఎన్ని చెంచాలో తెలుస్తుంది. 200 మిల్లీలీటర్ల ప్యాక్, 100కు 13 గ్రాములు అంటే ఐదు చెంచాలకు పైనే. అన్ని చెంచాలు వేసి టీ ఇస్తే మీరే తాగరు. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నిబంధన. నీళ్ల తర్వాత రెండో పేరే చక్కెర అయితే ఇక పట్టిక కూడా చూడనక్కర్లేదు. లేబుల్ తప్పుదోవ పట్టిస్తోందనిపిస్తే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో, లేదా 1800112100 టోల్ ఫ్రీ నంబరులో ఫిర్యాదు చేయొచ్చు.

చక్కెర లేని డైట్ కోలా తాగొచ్చా అని చాలామంది అడుగుతారు. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. వాటిలో సుక్రలోజ్ వంటివి తల్లిపాలల్లోకి కూడా చేరతాయి. ఎప్పుడైనా ఒకసారి తాగితే ఏదో అయిపోతుందని కాదు, కానీ రోజువారీ మార్గం మాత్రం కాదు.

గ్లాసు తీసేసి ఏం ఇవ్వాలి?

మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు, చక్కెర లేని పాలు, రాగి జావ. కొబ్బరి నీళ్లు సరే. పండు రసం తీయకుండా పండులా తినండి. ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి, ఒలిచి తినమంటే ఒకటి, ఒకటిన్నర దగ్గర ఆగిపోతారు. టీ పూర్తిగా మానలేకపోతే చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటికి, తర్వాత అరకు తీసుకురండి. రెండు మూడు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. పదిన్నరకు వచ్చే తియ్యటి గ్లాసు స్థానంలో ఉడికించిన గుడ్డు, గుప్పెడు వేరుసెనగలు లేదా పెసరట్టు ముక్క పెడితే కావాల్సిన 17 గ్రాముల ప్రొటీన్ వైపు సగం దూరం వచ్చేసినట్టే.

సొంఠి, పిప్పళ్లు, బెల్లం కలిపిన కాయం సంగతేమిటి? రోజుకు చిన్న ఉండ అయితే దానితో పేచీ లేదు. అమ్మ చేసింది తినండి. నాలుగు గ్లాసుల చక్కెర వదిలేసి ఒక్క ఉండను పట్టుకుని గొడవపడటం అనవసరం.

ఒక జాగ్రత్త. బరువు తగ్గాలని అన్నం, పప్పు మానేయకండి. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ప్రయోగంలో, అధిక బరువున్న పాలిచ్చే తల్లులు కాన్పయిన నెల తర్వాత నుంచి వారానికి అరకిలో చొప్పున తగ్గినా బిడ్డల ఎదుగుదల మీద ప్రభావం పడలేదు. అంతకంటే వేగం అవసరం లేదు. చక్కెర తగ్గించినా బరువు పెరుగుతూ, విపరీతమైన నీరసం, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. కాన్పు తర్వాత ఏడాదిలోపు థైరాయిడ్ దెబ్బతినడం అరుదేం కాదు. మనసు బాగోలేక, ఏడుపు ఆగక తీపి వైపు పోతున్నారనిపిస్తే అది ఆహారం సమస్య కాదు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

అంగన్వాడీ ‘మనలాంటి వాళ్లకు’ కాదా?

అపార్టుమెంటుల్లో ఉండే పాఠకులు చాలామంది ఇక్కడ పేజీ కిందికి జరిపేస్తారు. ఆగండి. జాతీయ ఆహార భద్రత చట్టం-2013 నాలుగో సెక్షన్ ప్రకారం గర్భిణికి, కాన్పయ్యాక ఆరు నెలల వరకు తల్లికి అంగన్వాడీ ద్వారా ఉచిత పోషకాహారం హక్కు. అంగన్వాడీకి ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డూ అడగరు. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద కేంద్రంలోనే ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఆంధ్రప్రదేశ్‌లో గుడ్లు, పాలు, రాగిపిండి వంటివి ఇంటికి తీసుకెళ్లేలా ఇస్తున్నారు. పుట్టింట్లో ఉంటే ఆ ప్రాంత కేంద్రంలోనే అడగండి. ఆధార్, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి.

ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయితే జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద మామూలు కాన్పుకు మూడు రోజులు, సిజేరియన్‌కు ఏడు రోజులు ఆస్పత్రిలోనే ఉచిత భోజనం ఇవ్వాలి. కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా ఉచితం. ఆ మాత్రను టీతోనో పాలతోనో మింగితే వృథా. టీ, కాఫీ భోజనానికి గంట ముందు, గంట తర్వాత వద్దని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా ఇందుకే. క్యాల్షియం మాత్రను ఐరన్‌తో కలిపి వేసుకోవద్దు, ఒకటి పొద్దున అయితే ఇంకొకటి మరో పూట.

ఆశ కార్యకర్త ఆస్పత్రి కాన్పుల ఇళ్లకు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. బిడ్డను తూచడానికే వస్తారనుకుంటాం. మీ బరువు, రక్తం, చక్కెర గురించి కూడా అడగండి. నగరాల్లో ఆశ రాకపోతే దగ్గరలోని బస్తీ దవాఖానాకు లేదా పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోండి.

గర్భంలో షుగర్ వచ్చిందా? ఆరో వారం పరీక్ష మరవకండి

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లకు పై లెక్కలన్నీ రెట్టింపు ముఖ్యం. కాన్పు కాగానే చాలామందికి షుగర్ మామూలైపోతుంది. ‘పోయింది’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, తీపి పాలు మళ్లీ మొదలవుతాయి. కానీ వాళ్లకు జీవితంలో టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్ల కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. ఆ ముప్పును తగ్గించేది ఈ నెలల్లో తగ్గించుకునే బరువు, తల్లిపాలివ్వడం, తియ్యటి పానీయాలకు దూరంగా ఉండటం.

కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి తల్లులకు కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్‌తో పరీక్ష చేయాలి. చాలామంది ఇది చేయించుకోరు. బిడ్డ టీకాలకు సరిగ్గా ఆ వారమే ఆస్పత్రికి వెళ్తారు, పెంటావలెంట్ వేయించి ఇంటికి వచ్చేస్తారు. అదే రోజు మీ పరీక్షకూ అడగండి. తెలంగాణలో బస్తీ దవాఖానాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి రక్త నమూనాలు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌లకు వెళ్తాయి, డబ్బు కట్టక్కర్లేదు. గ్లూకోజ్ తాగించి రెండు గంటలు కూర్చోబెట్టే ఏర్పాటు ఎక్కడుందో మాత్రం ముందురోజే కనుక్కోండి. కేవలం మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చాలంటే ఒప్పుకోవద్దు. కాన్పు, రక్తహీనత వల్ల ఆ సమయంలో అది సరైన ఫలితం ఇవ్వకపోవచ్చు.

రెండు గంటల తర్వాత 140 లోపు వస్తే మామూలు. 140 నుంచి 199 మధ్య అయితే మధుమేహానికి ముందు దశ. 200, ఆపైన అయితే మధుమేహం. మామూలుగా వచ్చినా ఏటా ఒకసారి పరీక్ష కొనసాగించాలి.

ముందురోజు రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా పొద్దున్నే వెళ్లాలి. 75 గ్రాములు, అంటే పదిహేను చెంచాల గ్లూకోజ్ కలిపిన నీళ్లు ఐదు పది నిమిషాల్లో తాగమంటారు. కొందరికి వికారంగా ఉంటుంది. వాంతి అయితే సిస్టర్‌కు చెప్పండి, ఆ పరీక్ష చెల్లదు. మధ్యలో బయటికి వెళ్లి టీ తాగకూడదు. బిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లోంచి ఒకరిని, చదువుకోవడానికి ఫోన్‌ను, పరీక్ష అయ్యాక తినడానికి టిఫిన్ బాక్సును వెంట తీసుకెళ్లండి.